ఆవిరి చూసి కొన్న మిషను

తెలియనిదాన్ని తెలుసు అనేయడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న రోగం. బడిలో లెక్క రాకపోయినా అందరికంటే ముందు చెయ్యెత్తేదాన్ని. దానివల్ల తిన్న తిట్లు అన్నీ ఇన్నీ కావు. మూడేళ్ళ కిందట నా ఉద్యోగం పోయేదాకా వచ్చినప్పుడూ అదే నోటిదురద, అయినా ఎలాగో నిలబడింది. నిలబెట్టింది నేను కాదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఉద్యోగం అంటే పెద్దదేమీ కాదు. వేమగల్ దగ్గర ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో సహాయకురాలిని. కూరగాయలు తరగడం, ఇడ్లీ పళ్ళాలు కడగడం, మధ్యాహ్నం సాంబారు వడ్డించడం. మాది కేజీఎఫ్‌లో లైను ఇల్లు. లైను అంటే బంగారు గని కార్మికులకు వరసగా కట్టించిన ఇళ్ళు. మా ఆయన తాత చిత్తూరు పక్క పల్లె నుంచి గనిలో పనికి వచ్చినప్పటి నుంచి వాళ్ళ కుటుంబం ఆ వరసలోనే ఉంది. పొద్దున ఆరుంబావుకు ఫ్యాక్టరీ బస్సు మా లైను చివరికి వస్తుంది. ఆ బస్సులో కిటికీ పక్క సీటంటే నాకెంత ఇష్టమో చెబితే నవ్వుతారు. ఇంట్లో నేను కోడలిని, పెళ్ళాన్ని, అమ్మను. బస్సులో కూర్చుంటే పనికి పోయే మనిషిని. నలభై దగ్గరపడ్డాక మొదటిసారి నా పేరు మీద జీతం పడిన చోటు అది.

అలాంటిది, ఒకరోజు మధ్యాహ్నం క్యాంటీన్ మేనేజరు మమ్మల్నందరినీ నిలబెట్టి, కాంట్రాక్టు మారుతోందన్నాడు. కొత్త కాంట్రాక్టరు తన వంటవాళ్ళను తెచ్చుకుంటాడు, పాత సహాయకులు ఇక అక్కర్లేదు. ఆఫీసు భవనంలో మాత్రం కొత్తగా కాఫీ కౌంటరు పెడుతున్నారు, దానికి ఒక మనిషి కావాలి. "ఎస్ప్రెసో యారిగె గొత్తు?" అని, ఎవరికి తెలుసని కన్నడలో అడిగాడు. నా చెయ్యి లేచింది.

"గొత్తు సార్" అన్నాను.

నిజానికి అబద్ధం చెబుతున్నానని అనుకోలేదు. మా వైపు పెళ్ళిళ్ళలో, కల్యాణ మంటపం వాకిట్లో, తళతళలాడే స్టీలు మిషను ఒకటి పెడతారు. దాని పక్కన ఒకాయన నిలబడి, పాలు, చక్కెర, కాఫీపొడి కలిపిన జగ్గును గొట్టం కింద పట్టుకుని ఆవిరి వదులుతాడు. బుస్సుమని నురగ పొంగుతుంది. కప్పులో పోసి, పైన చిటికెడు పొడి చల్లి ఇస్తాడు. దాన్నే మేమంతా ఎస్ప్రెసో కాఫీ అంటాం. నేను ఎన్ని పెళ్ళిళ్ళలో తాగలేదు! ఆ గొట్టం తిప్పడం ఎంతసేపు అనుకున్నాను.

నాతోపాటు ఇంకో ఇద్దరు చెయ్యెత్తారు. నెల తర్వాత బెంగళూరు నుంచి ఒకరు వచ్చి మా ముగ్గురికీ పరీక్ష పెడతారని, నెగ్గినవాళ్ళకు కౌంటరు, మిగతావాళ్ళకు ఆ నెలాఖరే ఆఖరని చెప్పి మేనేజరు వెళ్ళిపోయాడు.

తిరుగుబస్సులో పక్కసీటు అమ్మాయి ఫోనులో వీడియో పెట్టి చూపించింది. గుప్పెడంత కప్పు. అందులో అడుగున రెండు గుక్కల నల్లటి కాఫీ. నురగ లేదు, పాలు లేవు, చల్లిన పొడి లేదు.

"ఇదేందే? ఎస్ప్రెసో చూపించమంటే ఇది చూపిస్తావు?"

"ఇదే అక్కా ఎస్ప్రెసో."

"మరి పెండ్లిలో తాగేది?"

"అది పెండ్లికాఫీ" అని ఆ పిల్ల కిటికీ వైపు తిరిగి నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. నోరు జారింది, ఇక వెనక్కి తీసుకోలేను. ఉన్నది ఒక్కటే దారి. ఎలాగైనా ఒక మిషను తెచ్చి ఇంట్లోనే నేర్చుకోవాలి.

ఆ మాట మా ఆయనతో అన్నప్పుడు ఆయన అన్నం కలుపుకుంటున్నాడు. "గ్యాసు పొయ్యి రెండో పక్క వెలగదు. ఫ్రిజ్జు తలుపు తాడేసి కట్టుకుండాము. నీకి కాఫీ మిషనా?" అన్నాడు. నేను కంచం ఎత్తేసేదాన్నే. కానీ మర్నాడు తను పనిచేసే మాలూరు ఫ్యాక్టరీ నుంచి వచ్చి తనే ఫోను నా చేతికిచ్చాడు. పాత సామాన్లు అమ్మేవాళ్ళ పేజీలు వెతికి, నాలుగు మిషన్ల ఫోటోలు దాచిపెట్టాడు. కొత్తవాటి ధరలు చూస్తే ఒక్కొక్కటీ మంచి పాడిఆవు ధర ఉంది. పిండి కొద్దీ రొట్టె కదా. కొత్త ఫ్రిజ్జు కోసం దాచింది ఎంతో, మా మిషను అంత. తాడు కట్టిన తలుపు ఇంకో రెండేళ్ళు అలాగే ఉంటుందని ఇద్దరం ఒప్పుకున్నాం.

ఆ నాలుగింటిలో మా అందుబాటులో ఉన్నది ఒక్కటే. వైట్‌ఫీల్డ్ పక్క అపార్టుమెంట్లో ఉండే ఒక ఉద్యోగస్తురాలిది. ఆదివారం రైలెక్కి పోయాను. ఆమె చిన్న ఇంటికి మారుతోంది, హాలు నిండా అట్టపెట్టెలు. నాకు కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, మిషను ముందు పెట్టింది. స్టీలుది, చిన్నది, కుట్టుమిషను తలకాయంత ఉంటుంది. "నేను కాఫీ మానేసి ఏడాది దాటింది. ఆవిరి మాత్రం బాగా వస్తుంది. కాఫీ చేసి చూడాలంటే ఇంట్లో పొడి లేదు, కింద కొట్లో తెప్పించనా?" అని అడిగింది. నిజాయితీగల మనిషి. మోసం చేయాలనుకునే వాళ్ళు అలా అడగరు.

ఆమె గొట్టం తిప్పగానే బుస్సుమని ఆవిరి వచ్చింది. హాలంతా పెళ్ళి శబ్దం. నా ప్రాణం లేచి వచ్చింది. వారం రోజులుగా వీడియోలు చూసి కూడా, నా బుర్రలో మాత్రం ఎస్ప్రెసో మిషనంటే ఆవిరి మిషనే. ఆవిరి బాగుంటే అన్నీ బాగున్నట్టే. "పొడి ఎందుకమ్మా, శ్రమ. నాకు తెలుసు" అన్నాను. చూశారా, మళ్ళీ అదే మాట.

మిషనును పాత దుప్పటిలో చుట్టి, రాగుల సంచిలో పెట్టుకుని రైలెక్కాను. నిలబడడానికే చోటు లేని పెట్టెలో ఒక పెద్దాయన లేచి సీటిచ్చి, దాన్ని నా ఒళ్ళో సర్ది కూర్చోబెట్టాడు. మాలూరు దాటేలోపు పెట్టెలో సగం మంది దానిమీద తలా ఒక మాట అన్నారు. మిక్సీ అన్నారు, మందు కొట్టే పంపు అన్నారు. ఒకామె సంచి మూతి తీసి చూసి, కొత్తరకం దేవుడి మందిరమా అని అడిగింది. కాఫీ మిషనన్నాక, "ఎంత పెద్ద హోటలమ్మా నీది?" అని ఎదురుసీటాయన అడిగాడు. బంగారుపేటలో రద్దీ తోసుకుంటూ ఎక్కితే, ఆ ఎదురుసీటాయనే దానికి దెబ్బ తగలకుండా మోకాళ్ళు అడ్డం పెట్టాడు. ఆరోజు నన్ను ఎవరూ విసుక్కోలేదు.

ఇంటికి వచ్చి, గరిటెలో పొడి నింపి మిషనుకు బిగించాను. దానికి పిడి ఉన్న చిన్న గిన్నె ఒకటి ఉంటుంది. పొడి వేసేది అందులోనే. మా ఇంట్లో దాన్ని గరిటె అనే అంటాం. మీట నొక్కాను. గుర్రుమని మోత. చుక్క రాలేదు. ఇంకోసారి నొక్కాను. మోత పెరిగింది, కాఫీ లేదు. పొడి తీసేసి వట్టి నీళ్ళకు నొక్కినా అంతే. ఆవిరి గొట్టం తిప్పితే మాత్రం బుస్సుమంటుంది. పరీక్షకు ఇరవై రెండు రోజులుంది. ఫ్రిజ్జు డబ్బు పోయింది. తప్పు అమ్మినామెది కాదు, నాదే, చేసి చూపిస్తానంటే వద్దన్నది నేనే. వంటింట్లో కింద కూర్చుని గట్టిగా ఏడ్చాను. ఏడుస్తూ దాన్ని కాలితో ఒక్క తన్ను కూడా తన్నాను.

"ముందు ప్లగ్గు పీకు" అన్న మాట వినపడింది.

గుమ్మంలో మా మామ నిలబడి ఉన్నారు. డెబ్బై దాటిన మనిషి. గనిలో ఫిట్టరు. గాలి యంత్రాల దగ్గర కొన్నేళ్ళు, గనిలోకి దిగే షాఫ్టు దగ్గర కొన్నేళ్ళు చేశారు. మైన్స్ మూసేశాక బయట ఏ పనికీ పోలేదు. నేను కాపురానికి వచ్చింది మూసేసిన కొత్తలో. అప్పటి నుంచీ నాకు తెలిసిన మామ ఒక్కటే: పొద్దున రాగి అంబలి తాగి, తిన్నె మీద కూర్చుని, ఎవరు పలకరించినా 'ఊ' అనే మనిషి. ఆయన పని చేయగా నేను ఏనాడూ చూడలేదు.

ప్లగ్గు పీకాను. ఆయన లోపలికి వచ్చి, గొట్టం తిప్పి, మిషనులో మిగిలిన ఆవిరినంతా బయటికి వదిలారు. "లోపల గాలి ఉన్నెంతసేపు నట్టు ముట్టకూడదు" అన్నారు. శబ్దం పూర్తిగా ఆగిందాకా తల వంచి విన్నారు. "పంపు బాగుండాది. తోస్తా ఉండాది. పాపం, దావ లేదు దానికి. యాడనో మూసుకుండాది."

"మామా, మీకి ఇది తెలుసా?"

"నాకి తెలీదు" అన్నారు. "విప్పితే తెలస్తాది."

ఆ మాటకు నాకు చెంప మీద కొట్టినట్టయింది. తెలియదని అంత తేలిగ్గా అనగలిగే మనిషిని నేను అంత దగ్గర్లో చూడలేదు.

మంచం కింద నుంచి ఇనపపెట్టె లాగారు. పానాలు, స్క్రూడ్రైవర్లు నూనెగుడ్డలో చుట్టి ఉన్నాయి, ఒక్కదానికీ తుప్పు లేదు. అంటే ఇన్నేళ్ళూ ఎవరూ చూడనప్పుడు తీసి తుడుస్తూనే ఉన్నారన్నమాట. పాత పేపరు పరిచి, విప్పిన ప్రతి స్క్రూనూ వరసగా పెట్టి, చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టారు. గరిటె బిగించే చోట నీళ్ళు జారే చిన్న జల్లెడ ఊడదీసి నాకు చూపించారు. కన్నాలన్నీ తెల్లగా పూడిపోయి ఉన్నాయి. దాని వెనక దారిలో గోరంత మందాన సున్నం పేరుకుంది.

"చూడమ్మా. అమ్మినామె కూడా బోరు నీళ్ళే పోసినట్టుండాది. మన కోలారు నీళ్ళయితే ఇంకా బిరీన చచ్చిండును."

నేను ఊరుకోలేక చెయ్యి పెట్టబోతే నా చేతి మీద ఒకటి వేశారు. "ఇది ఏమి?" అని ఒక రబ్బరు చక్రం చూపించారు. తెలుసు అనబోయి ఆగాను. "తెలీదు మామా" అన్నాను. "వాషరు. గరిటె పక్కల్నించి నీళ్ళు కారకుండా పట్టుకుంటాది. ఇంగ ఇది?" అలా ప్రతిదీ నాతో చెప్పించాకే తర్వాతది విప్పారు. నాకు ఒళ్ళు మండింది. "నాకి టైము లేదు మామా, బిరీన చేయండి" అని అరిచాను. "టైము లేనప్పుడే నిదానంగా చేయాల" అన్నారు, తల ఎత్తకుండా.

అంగడి నుంచి నిమ్మ ఉప్పు తెప్పించి, గోరువెచ్చటి నీళ్ళలో కలిపి, ఊడదీసిన ముక్కలన్నీ నానబెట్టారు. సున్నం బుసబుస పొంగుతూ కరిగింది. రెండు రోజులు అలా నీళ్ళు మార్చి మార్చి నానబెట్టి, జల్లెడ కన్నాలు ఒక్కొక్కటీ పిన్నీసుతో పొడిచారు. వాషరు గట్టిపడిపోయింది. కొత్తది ఫోనులో ఆర్డరు పెడితే నాలుగు రోజులు పడుతుందన్నాడు మా ఆయన. "అంతవరకీ దీన్నే బోర్లా వేస్తే సాలు" అని మామ తిరగేసి బిగించేశారు. మూడోరోజు సాయంత్రం మీట నొక్కమన్నారు. ముందు తెల్లనీళ్ళు, తర్వాత బూడిదరంగు నీళ్ళు, ఆ తర్వాత తేటనీళ్ళు సన్నగా ధార కట్టాయి. నేను కేక వేశాను. మామ మాత్రం ధార వైపు చూస్తూ, "ఊ, దావ వచ్చింది" అన్నారు. ఆ 'ఊ' తిన్నె మీద కూర్చుని అనే 'ఊ' కాదు.

ఆ రోజు నుంచి మిషనుకు బోరు నీళ్ళు ఆపేశారు. నాణెం వేస్తే నీళ్ళిచ్చే ఫిల్టరు కేంద్రం నుంచి క్యాను మోసుకొచ్చేవారు. మేము తాగేదీ అవే, కానీ ఆ క్యాను నిండుకుంటే ముందు మిషనుకే వాటా. "మనకి లేకపోయినా పర్వాలేదు, దానికి పోయండి" అని మా ఆయన ఎగతాళి చేసేవాడు.

ఇక పొడి. రాబర్ట్‌సన్‌పేటలో కాఫీగింజలు మరపట్టే అంగడాయనను చిక్కరీ కలపకుండా, సన్నగా మరపట్టి ఇవ్వమని అడిగాను.

"చిక్కరీ లేకుండా యాడ తాగతారమ్మా? ఎవురికి, ఒంట్లో బాగలేదా?"

పరీక్ష సంగతి చెప్పాను. ఆ తర్వాత నాలుగుసార్లు పోయాను. ఒకసారి పొడి ముతకై నీళ్ళు దడదడా పడ్డాయి, ఇంకోసారి మరీ మెత్తనై చుక్క చుక్కగా కారింది. ప్రతిసారీ ఆయన మర ఒక్క గీటు అటో ఇటో తిప్పి, వేళ్ళ మధ్య రుద్ది చూసి, చిన్న పొట్లం కట్టి ఇచ్చేవాడు. అంత తక్కువ సరుకు కొనే మనిషి కోసం మర ఆపి సరిచేసే అవసరం ఆయనకు లేదు. అయిదోసారికి పొడి కుదిరింది. పొట్లం మీద తనే 'పరీక్ష అమ్మ' అని రాసిపెట్టుకున్నాడు.

మొదటి మంచి కప్పు మామకే ఇచ్చాను. ఒక గుక్క తాగి మొహం ముడిచారు. "కషాయం. జరం వచ్చినోళ్ళకి పెట్టు" అని కప్పు వెనక్కి ఇచ్చేశారు. ఆ తర్వాత ఒక్కసారి కూడా తాగలేదు. కానీ సాయంత్రం నేను బస్సు దిగేసరికి మిషను వేడి చేసి, ముందు ముక్కాలిపీట వేసుకుని కూర్చుని ఉండేవారు.

నాకొచ్చిన చిక్కు ధార ఆపడంలో. మొదట కాఫీ చిక్కగా, ముదురు రంగులో దిగుతుంది. కాసేపటికి రంగు పాలిపోతుంది. సరిగ్గా అప్పుడు ఆపాలి. ఆలస్యమైతే చేదునీళ్ళు. నేను లోపల లెక్క పెట్టుకుంటుంటే పక్కింటావిడ ఏదో అడిగేది, నేను బదులు చెప్పేదాన్ని, అంతే, లెక్క తప్పేది. ఊరుకోవడం నాకు రాదు కదా. అయిదారు కప్పులు అలా పోయాక మామ ఒక స్టీలు లోటా, చెంచా తెచ్చుకున్నారు. రంగు మారగానే లోటా మీద ఒక్క దెబ్బ. ఠంగ్.

"కేజి గురించి తెలుసునా నీకి?" అని అడిగారు. గనిలోకి మనుషుల్ని దించే ఇనపబోనును కేజి అంటారని తెలుసు. అంతకుమించి తెలియదు, అదే చెప్పాను.

"లోపల మనుషులుంటారు. పైన ఇంజను తిప్పేవోడికి వాళ్ళు కనపడరు. గంటే వాడికి కన్ను. కేజి నడస్తా ఉన్నప్పుడు ఒక్క గంట పడిందంటే నిలిపేయాల్సిందే. ఎందుకు, ఏమి అని అడగకూడదు. ముందు నిలుపు, ఆమీన అడుగు."

మొదటిరోజు నేను దెబ్బ విని, తల తిప్పి, ఆయన మొహం చూసి, అప్పుడు ఆపాను. "లోపలోళ్ళు చచ్చినారు" అన్నారు మామ. రెండోరోజూ చచ్చారు. కోపమొచ్చి గుడ్డ విసిరికొట్టి బయటికి పోయాను. తిరిగొచ్చేసరికి ఆయన గరిటె కడిగి, తుడిచి, పొడి కోసం చెయ్యి చాపి ఉన్నారు. పదిరోజులకు నా చెయ్యి నన్ను అడగడం మానేసింది. ఠంగ్ అంటే మీట ఆగిపోయేది. ఆ నెలలో ఆయన నాతో మాట్లాడిన మాటలు, నేను కాపురానికి వచ్చిన ఇన్నేళ్ళలో మాట్లాడినవాటి కంటే ఎక్కువ. లైను ఆడవాళ్ళు వచ్చి, ఈ చుక్క కాఫీకేనా ఇంత గలాటా అని, పాలూ చక్కెరా కలుపుకుని తాగిపోయేవాళ్ళు.

పరీక్ష రోజు వచ్చింది. బెంగళూరు నుంచి వచ్చినామె నాకంటే చాలా చిన్నది. నన్ను అక్కా అనే పిలిచింది. కౌంటరు మీద మిషను మా ఇంటిదానికి నాలుగింతలుంది. ఇద్దరు ఒకేసారి చేసేటట్టు రెండు గరిటెలు. మిగతా ఇద్దరూ ముందు చేశారు, బాగానే చేశారు. నా వంతు వచ్చింది. పొడి నింపాను, అదిమాను, బిగించాను, మీట నొక్కాను. కాఫీ తేనెరంగులో దిగడం మొదలైంది.

సరిగ్గా అప్పుడు ఆమె పక్కనున్న రెండో గరిటె తీసి, అందులోని పిప్పి రాలడానికి డబ్బా అంచుమీద ఒక్క దెబ్బ కొట్టింది. ఠంగ్.

నా చెయ్యి మీట ఆపేసింది.

కప్పులో అడుగు కూడా నిండలేదు. ఆమె కప్పును, నన్ను చూసింది. మేనేజరు అప్పటికే కాగితం మీద ఏదో రాసుకుంటున్నాడు. ఎందుకు ఆపావని ఆమె అడిగింది. మామూలుగా అయితే ఏదో ఒకటి కల్పించి, ఇలా చేయాలని నాకు తెలుసు అనేదాన్నే. ఆరోజు నోటికి అబద్ధం రాలేదు. నాకొచ్చిన కన్నడలో ఉన్నదున్నట్టు చెప్పాను. మా మామ గనిలో ఫిట్టరని, లోటా మీద కొట్టి నేర్పారని, ఒక్క గంటకు ఆపాలని, ఎందుకని అడగకూడదని. చెబుతూంటే ఏడుపు వచ్చింది. అంత కష్టపడి నేర్పిన మనిషి నేర్పిందే నన్ను ముంచిందనిపించింది.

ఆమె నవ్వలేదు. ఇంకో కప్పు చేయమంది. చేశాను. ఈసారి గంట లేదు, రంగు చూసి నేనే ఆపాను. తాగి, తల ఊపి, ముగ్గురినీ కలిపి ఒకే ప్రశ్న అడిగింది. పంపు మోత వస్తోంది, నీళ్ళు రావడం లేదు, ఏం చేస్తారు?

ఫోను చేస్తాం అన్నారు మిగతా ఇద్దరూ.

నేను ముందు ప్లగ్గు పీకుతానన్నాను. లోపలి ఆవిరి వదులుతానన్నాను. జల్లెడ, దాని వెనక దారి, సున్నం, నిమ్మ ఉప్పు, వాషరు, అన్నీ చెప్పుకుంటూ పోయాను. మోత గట్టిగా ఉంటే దారి మూసుకుందని, వట్టిమోత అయితే నీళ్ళే అందడం లేదని కూడా చెప్పాను. ఆమె మధ్యలో ఆపలేదు. చివరికి మేనేజరుతో అన్నది నాకు బాగా గుర్తుంది. కాఫీ చేయడం ఎవరికైనా వారంలో నేర్పుతానంది. ఇక్కడ మిషను చెడితే బెంగళూరు నుంచి మెకానిక్కు రావడానికి మూడు రోజులు, చెవితో విని చెప్పగలిగే మనిషే తనకు కావాలంది.

కౌంటరు నాకు వచ్చింది. మిగతా ఇద్దరిలో ఒకరికి కోలారులో పని దొరికింది, ఇంకొకరి సంగతి తెలియదు. అది తలచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

ఆఫీసులో ఒక ఫారం ఇచ్చారు. పేరు, ఊరు, చదువు. కిందికి వస్తే, ఈ పని ఎక్కడ నేర్చుకున్నారు, నేర్పినవారి సంతకం, హోదా. ఎక్కడా నేర్చుకోలేదు, ఇంట్లోనే అన్నాను. అక్కడి అమ్మాయి, ఎవరో ఒకరు సంతకం పెట్టాలి మేడమ్, ఖాళీగా వదలకూడదు అంది. ఫారం మడిచి ఇంటికి తెచ్చాను.

మామ తిన్నె మీద ఉన్నారు. పని వచ్చిందని చెప్పాను. "ఊ" అన్నారు. మా ఇంట్లో ఒకరికొకరు కృతజ్ఞతలు చెప్పుకునే అలవాటు లేదు. అయినా నా నోరు ఆగలేదు. "మామా, మీరు లేకపోతే నాకి ఈ పని లేదు" అన్నాను. నేను ఫారం తీసి, సంతకం పెట్టాల్సిన చోటు వేలితో చూపించాను.

లోపలికి పోయి ఉతికిన చొక్కా వేసుకొచ్చారు. కళ్ళజోడు పెట్టుకుని ఫారం మొత్తం పైనుంచి కిందిదాకా చదివారు. సంతకం పెట్టారు. హోదా అన్న చోట కలం ఆగిపోయింది.

"రిటైర్డ్ అని రాయండి మామా" అన్నాను.

"అది అబద్ధం అవతాది గదమ్మా" అన్నారు. "నేను రిటైర్ కాలేదు. మైను మూసేసినారు."

ఆయన వంగి, ఒక్కో అక్షరం విడివిడిగా, ఇంగ్లీషు పెద్దక్షరాలతో ఫిట్టర్ అని రాసి, సిరా ఆరిందాకా కాగితాన్ని చేత్తోనే పట్టుకుని కూర్చున్నారు.